ఎలక్ట్రిక్ కారు కొనేటప్పుడు ఎంత బ్యాటరీ సరిపోతుంది?

ఒకే కారు రెండు మూడు బ్యాటరీ సైజుల్లో దొరుకుతుంటే ఎక్కువమంది ఒకే పద్ధతిలో ఆలోచిస్తారు. ఏడాది మొత్తంలో తాము వెళ్లే అతి దూరపు ప్రయాణాన్ని తలచుకుని, దానికి సరిపడే బ్యాటరీ కోసం వెతుకుతారు. దారి మధ్యలో ఛార్జింగ్ అయిపోతే ఎలా అన్న టెన్షన్ కొద్దీ, డబ్బు ఎంతవరకు అందితే అంత పెద్దది తీసుకుంటారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. కాకపోతే ఏడాదికి రెండుసార్లు జరిగే ప్రయాణాన్ని బట్టి రోజూ మోయాల్సిన బరువును నిర్ణయించుకోవడం సరైన లెక్క కాదు. కారు రాత్రిపూట ఎక్కడ ఉంటుంది, అక్కడ ప్లగ్ ఉందా, హైవే మీద ఎంత స్పీడులో నడుపుతారు, ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆ కారు ఎంత వేగంగా కరెంటు తీసుకుంటుంది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తెలిస్తే సైజు చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ముందు కొలతల సంగతి. బ్రోషర్‌లో కిలోవాట్ అవర్ అని రాసేది, కరెంటు బిల్లులో యూనిట్ అని కనిపించేది ఒకటే. 60 కిలోవాట్ అవర్ బ్యాటరీలో 60 యూనిట్ల కరెంటు పడుతుంది. ఇకపై యూనిట్లు అనే అంటాను. ఉత్త కిలోవాట్ అంటే మాత్రం వేగం. 7 కిలోవాట్ల ఛార్జర్ గంటకు 7 యూనిట్లు నింపుతుంది. ఈ రెండూ తెలిస్తే చాలు, ఈ వ్యాసంలో ఉన్న లెక్కలన్నీ కూడికలు, భాగహారాలే.

రాసి ఉన్న యూనిట్లన్నీ మన చేతికి రావు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసినా, పూర్తిగా నింపేసినా సెల్స్ దెబ్బతింటాయి కాబట్టి కంపెనీ పైన కొంత, కింద కొంత వదిలేసి మధ్యభాగాన్నే వాడనిస్తుంది. 2020లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3లో 62 యూనిట్ల బ్యాటరీ నుంచి వాడకానికి వచ్చింది 58, పెద్ద మోడల్‌లో 82 నుంచి 77. కొన్ని కంపెనీలు మొత్తం కెపాసిటీని ప్రచారం చేస్తాయి, కొన్ని వాడుకోగలిగేదే చెబుతాయి. అందుకే రెండు కార్లను పోల్చేముందు రెండిటికీ వాడుకోగలిగే కెపాసిటీ ఎంతో అడగాలి. ఈ తేడా ఎంత నిజమైనదో 2017 సెప్టెంబరులో బయటపడింది. ఇర్మా తుఫాను ఫ్లోరిడా మీదికి వస్తుంటే టెస్లా కొన్ని పాత మోడల్ ఎస్ కార్ల రేంజ్‌ను, అంటే ఒక్క ఛార్జ్‌తో వెళ్లగలిగే దూరాన్ని, దూరం నుంచే, సాఫ్ట్‌వేర్ ద్వారా పెంచింది. ఆ కార్లను 60 యూనిట్లవిగా అమ్మారు గానీ వాటిలో పెట్టింది 75 యూనిట్ల బ్యాటరీ. మిగతా భాగానికి సాఫ్ట్‌వేర్‌తో తాళం వేశారు. తుఫానుకు ఊళ్లు ఖాళీ చేసి వెళ్తున్నవాళ్ల కోసం ఆ తాళాన్ని కొన్నాళ్లు తీశారు.

బ్రోషర్ రేంజ్ నుంచి అసలు రేంజ్‌కి

రేంజ్ అంకె ఏ పరీక్షలో వచ్చిందో చూడకుండా దాన్ని నమ్మకూడదు. యూరప్‌లో 2017 నుంచి వాడుతున్న డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షలో కారును గదిలో రోలర్ల మీద అరగంట నడుపుతారు. ఆ అరగంటలో అది వెళ్లే దూరం 23 కి.మీ. పైచిలుకు, సగటు వేగం గంటకు 46.5 కి.మీ. మధ్యలో ఒకసారి 131 దాకా వెళ్తుంది గానీ అక్కడ ఉండేది కొద్దిసేపే. చైనా వాడే సీఎల్‌టీసీ ఇంకా మెత్తన, దాని సగటు వేగం గంటకు 29 కి.మీ. మాత్రమే. అమెరికాలో ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ చాలా కార్లకు ల్యాబ్‌లో వచ్చిన అంకెను 0.7తో గుణించి ప్రకటిస్తుంది. అందుకే అది రోడ్డు మీద వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. ఒకే కారు ఒక దేశంలో 600, ఇంకో దేశంలో 480 అని కనిపిస్తే అందులో మోసమేమీ లేదు, పరీక్షలు వేరు. నా వరకు హైవే ప్రయాణానికి డబ్ల్యూఎల్‌టీపీ అంకెలో 70 శాతం, సీఎల్‌టీసీ అయితే సగానికి కాస్త పైన లెక్క వేసుకుంటాను. సిటీలో నెమ్మదిగా తిరిగేవాళ్లకు డబ్ల్యూఎల్‌టీపీ రేంజ్ దాదాపు పూర్తిగా వస్తుంది, ఒక్కోసారి దాటుతుంది కూడా.

హైవే మీద అంత తగ్గడానికి గాలి కారణం. కారుకు అడ్డొచ్చే గాలి ఒత్తిడి వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది. 80 నుంచి 120కి వెళ్తే వేగం పెరిగేది ఒకటిన్నర రెట్లే గానీ గాలి నిరోధం రెండుంబావు రెట్లవుతుంది. పెట్రోల్ కారుకూ ఇదే సూత్రం. అయితే ఇంజిన్ ఎలాగూ సగానికి పైగా ఇంధనాన్ని వేడి రూపంలో పోగొడుతుంది కాబట్టి ఈ తేడా అక్కడ మనకు పెద్దగా కనిపించదు. మోటారు దాదాపు ఏమీ వృథా చేయదు, అందుకే గాలి తినేసే ప్రతి యూనిట్టూ మీటర్‌లో కనిపిస్తుంది. మధ్యరకం కారు ఒకటి 80 స్పీడులో వంద కిలోమీటర్లకు 14 యూనిట్లు తీసుకుంటుందనుకుంటే, 110లో 19 దాకా, 130లో 23 దాటి తీసుకుంటుంది. అంటే 56 యూనిట్లు వాడుకోగలిగే బ్యాటరీతో 80 స్పీడులో 400 కి.మీ. వెళ్లగలిగిన మనిషి 130లో 240 కూడా దాటడు. రెండు బ్యాటరీ సైజుల మధ్య ఉండే తేడా మొత్తం కాలు పెడల్ మీద ఎంత నొక్కుతుందన్న దాంట్లోనే కొట్టుకుపోవచ్చు.

చలి సంగతి వేరేగా చెప్పాలి. గడ్డకట్టే చలిలో బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, పైగా క్యాబిన్‌ను వేడిగా ఉంచాలి. మామూలు హీటర్ గంటకు 3 యూనిట్లు తినేస్తుందనుకోండి. గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్తుంటే ఆ భారం వంద కిలోమీటర్లకు 3 యూనిట్లే. అదే సిటీలో సగటున గంటకు 30 కి.మీ. మించని ట్రాఫిక్‌లో అయితే వంద కిలోమీటర్లకు 10 యూనిట్లు. చలి దేశాల్లో చిన్న చిన్న సిటీ ప్రయాణాలకే రేంజ్ ఎక్కువ పడిపోవడానికి ఇదే కారణం. బయటి గాలిలోని వేడినే లోపలికి లాగే హీట్ పంప్ ఉన్న కారు ఈ ఖర్చును బాగా తగ్గిస్తుంది. అందుకే చలి ప్రాంతాల వాళ్లు అదనపు 10 యూనిట్ల బ్యాటరీ కన్నా ముందు హీట్ పంప్ ఉందో లేదో చూసుకోవాలి. వేడి ప్రాంతాల్లో ఏసీ గురించి పడే భయం మాత్రం అవసరం కన్నా ఎక్కువే. క్యాబిన్ ఒకసారి చల్లబడ్డాక ఏసీకి గంటకు ఒక యూనిట్ అటూ ఇటూగా చాలు. గంటసేపు ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్నా పోయేది బ్యాటరీలో రెండు మూడు శాతం.

రాత్రి ప్లగ్ ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క

నా ఉద్దేశంలో బ్యాటరీ సైజును అన్నిటికన్నా ఎక్కువగా మార్చేసే ప్రశ్న ఇదే. రోజుకు 40 కి.మీ. తిరిగే మనిషికి వంద కిలోమీటర్లకు 15 యూనిట్ల చొప్పున రోజూ కావాల్సింది 6 యూనిట్లు. ఇంట్లోనో పార్కింగ్‌లోనో 3.3 కిలోవాట్లు ఇచ్చే మామూలు సాకెట్ ఉన్నా రెండు గంటల్లో అది వచ్చేస్తుంది. రాత్రంతా పెడితే 26 యూనిట్లు, అంటే 170 కి.మీ. పైమాటే. గోడకు బిగించే 7.4 కిలోవాట్ల ఛార్జర్ (వాల్ బాక్స్) ఉంటే ఎనిమిది గంటల్లో 59 యూనిట్లు. ఇలాంటివాళ్లకు తెల్లారేసరికి కారు నిండుగా ఉంటుంది, కాబట్టి బ్యాటరీ ఒక్క రోజు తిరుగుడుకి సరిపోతే చాలు. రోజుకు 100 కి.మీ. తిరిగినా 40 యూనిట్ల బ్యాటరీలో సగానికి పైగా మిగిలే ఉంటుంది. వీళ్లు 75 యూనిట్లది కొంటే అందులో సగం ఎప్పుడూ వాడకుండా మోస్తూ తిరగడమే.

ప్లగ్ లేనివాళ్ల లెక్క పూర్తిగా వేరు. వారానికి 250 కి.మీ. తిరుగుతూ, వారానికి ఒకసారి మాత్రం ఫాస్ట్ ఛార్జర్‌కి వెళ్లే మనిషిని తీసుకుందాం. వంద కిలోమీటర్లకు 16 యూనిట్లయితే వారానికి 40 యూనిట్లు కావాలి. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 80 శాతం దాటాక వేగం బాగా తగ్గిపోతుంది కాబట్టి అక్కడితో ఆపేస్తాం. కింద 10 శాతం కన్నా తగ్గనివ్వం. చేతికి వచ్చేది 70 శాతమే. ఆ 70 శాతంలో 40 యూనిట్లు రావాలంటే వాడుకోగలిగే కెపాసిటీ 57 ఉండాలి. ఇంటి దగ్గర ప్లగ్ ఉన్న మనిషికి ఇదే తిరుగుడుకి 25 యూనిట్ల బ్యాటరీ సరిపోయేది. ఒక్క సాకెట్ లేనందుకు రెట్టింపుకు పైగా బ్యాటరీ కొనాల్సి వస్తోంది! అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో ఆఫీసు దగ్గరో ఛార్జింగ్ పాయింట్ కోసం నాలుగుసార్లు అడగడం, అవసరమైతే దానికి కొంత ఖర్చు పెట్టుకోవడం, పెద్ద బ్యాటరీకి డబ్బు పోసేకన్నా చాలాసార్లు లాభం. ఏ షోరూమ్‌లోనూ ఈ సలహా ఇవ్వరు.

ఇక దూరప్రయాణం. 500 కి.మీ., హైవే, 110 స్పీడ్. రాత్రి నిండుగా ఛార్జ్ చేసుకుని బయల్దేరి, గమ్యానికి 10 శాతం మిగిలేలా చేరాలి. మూడు కార్లు తీసుకుందాం. మొదటిది 37 యూనిట్లు వాడుకోగలిగే చిన్న కారు, వంద కిలోమీటర్లకు 17.5 యూనిట్ల చొప్పున దారంతటికీ 87.5 కావాలి. బయల్దేరేటప్పుడు చేతిలో ఉన్నవి 33, దారిలో నింపుకోవాల్సినవి 54. ఇలాంటి కారు సగటున 45 కిలోవాట్ల వేగంతో తీసుకుంటే గంటా పన్నెండు నిమిషాలు, అదీ మూడు చోట్ల ఆగి. రెండోది 56 యూనిట్లది, వందకు 19 చొప్పున 95 కావాలి. చేతిలో 50 ఉంటాయి, దారిలో 45 నింపుకోవాలి. సగటున 80 కిలోవాట్లతో 34 నిమిషాలు, రెండు చోట్ల ఆగితే సరిపోతుంది. మూడోది 76 యూనిట్లది, బరువు ఎక్కువ కాబట్టి వందకు 20, మొత్తం 100. చేతిలో 68, నింపుకోవాల్సినవి 32. సగటున 100 కిలోవాట్లతో 19 నిమిషాలు, ఒక్కచోట.

72, 34, 19. మొదటి మెట్టు ఎక్కితే కలిసొచ్చింది 38 నిమిషాలు, రెండో మెట్టుకు 15. బ్యాటరీ పెరిగింది మాత్రం రెండుసార్లూ దాదాపు అంతే. పైగా 500 కి.మీ. నడిపేటప్పుడు తిండికీ టాయిలెట్‌కీ ఎలాగూ అరగంట ఆగుతాం, ఆ లెక్కన రెండో కారుకూ మూడో కారుకూ ఇంటికి చేరే సమయంలో తేడానే ఉండకపోవచ్చు. నెలకు నాలుగైదుసార్లు ఇలాంటి ప్రయాణాలు చేసేవాళ్లకు ఆ 15 నిమిషాలకు విలువ ఉంది. దారిలో ఛార్జర్లు దూరదూరంగా ఉన్నా, ఉన్నవి తరచూ పాడైపోతున్నా కూడా పెద్ద బ్యాటరీ నిజంగా ఆదుకుంటుంది, ఎందుకంటే ఒక ఛార్జర్ పనిచేయకపోతే తర్వాతి దాని దాకా వెళ్లగలిగే బలం దానికుంది. మీరు వెళ్లే దారిలో ఛార్జర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాప్‌లో చూసి, వాటి మధ్య అతి ఎక్కువ దూరం ఎంతో రాసుకోండి. ఒక ఛార్జర్ పనిచేయలేదనుకుని దాన్ని వదిలేసి మళ్లీ కొలవండి. 80 శాతం నుంచి 10 శాతం లోపు ఆ దూరం వెళ్లగలిగే బ్యాటరీ మీకు కావాల్సిన కనీస బ్యాటరీ. రెండో కారు అలా 206 కి.మీ. వెళ్తుంది, మొదటిది 148.

పై లెక్కలో ఛార్జింగ్ వేగం ఎంత పని చేసిందో చూశారు కదా. చాలామంది పట్టించుకోని అంకె అదే. బ్రోషర్‌లో గొప్పగా రాసే గరిష్ఠ వేగం రెండు మూడు నిమిషాలు కూడా నిలవకపోవచ్చు, కాబట్టి 10 నుంచి 80 శాతానికి ఎన్ని నిమిషాలని అడగాలి. హ్యుందాయ్ అయానిక్ 5లో వేగంగా ఛార్జ్ అవ్వడానికి వీలిచ్చే 800 వోల్టుల వ్యవస్థ ఉంది. తగినంత శక్తివంతమైన ఛార్జర్ దొరికితే దానికి 18 నిమిషాలు చాలని కంపెనీ చెబుతుంది. అదే పనికి 45, 50 నిమిషాలు తీసుకునే కార్లూ ఉన్నాయి. నెమ్మదిగా నిండే పెద్ద బ్యాటరీ కన్నా వేగంగా నిండే మధ్యరకం బ్యాటరీ దూరప్రయాణంలో హాయిగా ఉంటుంది.

బరువు, వయసు

బ్యాటరీ ప్యాక్‌లో 20 యూనిట్లు పెరిగితే బరువు 120 నుంచి 140 కిలోలు పెరుగుతుంది. ఇద్దరు పెద్దమనుషుల్ని ఎక్కడికి వెళ్లినా వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరిగినట్టు. ఆ బరువుకు తగ్గట్టు బ్రేకులు, సస్పెన్షన్ గట్టిగా ఉండాలి, టైర్లు త్వరగా అరుగుతాయి. దీన్ని చివరిదాకా లాగితే ఏమవుతుందో జీఎంసీ హమ్మర్ ఈవీ చూపిస్తుంది. 200 యూనిట్లకు పైగా బ్యాటరీ, బండి బరువు 4 టన్నుల పైన, కంపెనీ చెప్పిన రేంజ్ దాదాపు 530 కి.మీ. గాలిని చీల్చుకుపోయేలా మలిచిన హ్యుందాయ్ అయానిక్ 6 రియర్ వీల్ డ్రైవ్ మోడల్‌కు 77.4 యూనిట్ల బ్యాటరీతో ఈపీఏ ఇచ్చిన రేంజ్ 361 మైళ్లు, అంటే దాదాపు 580 కి.మీ. మూడో వంతుకు కాస్త పైన ఉన్న బ్యాటరీతో ఎక్కువ దూరం! కాబట్టి యూనిట్లను విడిగా చూడకుండా వంద కిలోమీటర్లకు ఎన్ని తింటుందో దాని పక్కనే పెట్టి చూడాలి. పర్యావరణం కోసమే ఎలక్ట్రిక్ కారు కొంటున్నవాళ్లకు ఇంకో మాట. బ్యాటరీ తయారీలోనే బోలెడు కార్బన్ వెలువడుతుంది. స్వీడన్‌కు చెందిన ఐవీఎల్ సంస్థ 2019లో వేసిన అంచనా ప్రకారం ఒక్కో యూనిట్ కెపాసిటీకి 61 నుంచి 106 కిలోలు. వాడని 30 యూనిట్లు అంటే, తక్కువలో తక్కువ వేసుకున్నా, ఊరికే 1.8 టన్నులు.

పెద్ద బ్యాటరీ తరఫున ఒక మంచి వాదన ఉంది, దాన్ని దాచకూడదు. అది తక్కువసార్లు నిండి ఖాళీ అవుతుంది. ఇలా ఒకసారి నిండి ఖాళీ అవడాన్ని సైకిల్ అంటారు. 2 లక్షల కి.మీ. తిరిగేసరికి ఒక్క ఛార్జ్‌తో 300 కి.మీ. వెళ్లే బ్యాటరీ దాదాపు 670 సైకిల్స్ చూస్తుంది, 160 వెళ్లేది 1,250. అరుగుదల పెద్దదానికి తక్కువ. అయితే వాడినా వాడకపోయినా కాలంతో వచ్చే అరుగుదల వేరే ఉంది. అది వేడిలోనూ, నిండుగా ఛార్జ్ చేసి ఊరికే నిలిపి ఉంచినప్పుడూ ఎక్కువ. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. దాకా 70 శాతం కెపాసిటీకి హామీ ఇస్తాయి. మామూలుగా అంతదాకా పడిపోదు గానీ, కారును పదేళ్లు ఉంచుకోవాలనుకుంటే ఈరోజు వేసిన లెక్కకు 20 శాతం కలుపుకోవడం మంచిది. వేడి ప్రాంతాల్లో సైజు కన్నా చల్లబరిచే ఏర్పాటు ముఖ్యం. మొదటి తరం నిస్సాన్ లీఫ్ బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. అరిజోనా ఎండల్లో కెపాసిటీ మరీ త్వరగా పడిపోతోందని 2012లోనే యజమానులు ఫిర్యాదు చేశారు, ఆ తర్వాతే ఆ కంపెనీ కెపాసిటీకి వారంటీ మొదలుపెట్టింది.

సెల్స్ రకం కూడా సైజు లెక్కను మార్చేస్తుంది. నికెల్, మాంగనీస్, కోబాల్ట్‌తో చేసే ఎన్‌ఎంసీ రకాన్ని రోజూ 80 శాతం దగ్గర ఆపమని కంపెనీలు సాధారణంగా చెబుతాయి. ఇనుము, ఫాస్ఫేట్‌తో చేసే ఎల్‌ఎఫ్‌పీ రకాన్ని రోజూ నిండుగా పెట్టుకున్నా పర్వాలేదు. పైగా వారానికి ఒకసారైనా 100 శాతం చేయమని టెస్లా సూచిస్తుంది, లేకపోతే ఎంత మిగిలిందో కారు సరిగ్గా అంచనా వేయలేదు. అంటే రోజువారీ వాడకంలో 75 యూనిట్ల ఎన్‌ఎంసీ, 60 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీ సమానమే, రెండిటిలోనూ చేతికొచ్చేది 60. ఎల్‌ఎఫ్‌పీ ఎక్కువ సైకిల్స్ మన్నుతుంది. కానీ అంతే కెపాసిటీకి బరువు ఎక్కువ, గడ్డకట్టే చలిలో ఛార్జింగ్‌కు ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఇంతా చేసి, లెక్క చిన్న బ్యాటరీ వైపు తేలాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. కంపెనీలు చాలాసార్లు వేగంగా ఛార్జ్ అయ్యే సామర్థ్యం, హీట్ పంప్, వాల్ బాక్స్ నుంచి 11 కిలోవాట్ల దాకా కరెంటు తీసుకోగలిగే లోపలి ఛార్జర్ లాంటివి పెద్ద బ్యాటరీ వేరియంట్‌కే పెడతాయి. అందుకని రెండు వేరియంట్లకూ వాడుకోగలిగే కెపాసిటీ, సెల్స్ రకం, 10 నుంచి 80 శాతానికి పట్టే నిమిషాలు, బ్యాటరీని ద్రవంతో చల్లబరుస్తారా లేదా అన్నవి కాగితం మీద రాయించుకోండి. టెస్ట్ డ్రైవ్‌లో సిటీ రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టి సరిపెట్టుకోవద్దు. ట్రిప్ మీటర్ సున్నా చేసి, హైవే మీద మీరు మామూలుగా వెళ్లే స్పీడులో కనీసం ఇరవై కిలోమీటర్లు నడిపి, అదే దారిలో వెనక్కి రండి. గాలి, ఎత్తుపల్లాలు రెండువైపులా సరిపోతాయి. అప్పుడు స్క్రీన్ మీద కనిపించే వంద కిలోమీటర్ల ఖర్చుతో వాడుకోగలిగే కెపాసిటీని భాగించి, వందతో గుణించండి, మీ అసలు రేంజ్ కిలోమీటర్లలో వస్తుంది. చిన్న వేరియంట్‌లో ఆ అంకె మీ దారికి సరిపోయి, ఛార్జింగ్ వేగం కూడా బాగుంటే దాన్నే తీసుకోండి. సరిపోయినా అది నిండడానికి గంట పట్టేదైతే, దూరప్రయాణాలు ఉన్నవాళ్లు పెద్దదానికి వెళ్లడమే మేలు.